నెత్తుట్లో ఊదా చుక్కలు

"ఒక కన్ను మూసి చూడండి. తొందరపడితే మీ కనురెప్పల వెంట్రుకలే కనిపిస్తాయి," అంది డాక్టర్ హైమావతి.

తొందరపడ్డాను. కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి.

తొందరపడక ఏం చెయ్యను? ఆ మైక్రోస్కోపు కింద ఉన్న నెత్తుటి బొట్టు పురిటి వాసన కూడా వదలని పసివాడిది. వాడు ఆ లాబొరేటరీకి రెండు వీధుల అవతల, తెనాలిలోనే ఒక ఆసుపత్రిలో, పసుపు ముద్దలా పడి ఉన్నాడు. రేపల్లెలో వెంకటరత్నమ్మగారింట్లో పుట్టిన మూడో మగబిడ్డ వాడు. ముందు పుట్టిన ఇద్దరూ ఇలాగే పచ్చబడి, మూత్రం టీ డికాషన్ రంగుకి తిరిగి, బారసాల కాకుండానే పోయారు. మొదటివాడు పెద్దకూతురి కొడుకు. రెండోవాడు చిన్నకూతురు చంద్రకళ కొడుకు. ఈ మూడోవాడూ చంద్రకళ కొడుకే. మధ్యలో పెద్దకూతురికి పుట్టిన ఆడపిల్ల మాత్రం గుండ్రాయిలా ఉంది.

అరవైతొమ్మిది శ్రావణమాసంలో రేపల్లెలో నలుగురు కూడినచోటల్లా ఇదే మాట. ఆ ఇంట్లో మగపిల్లలకు ఎవరో మందు పెడుతున్నారు. పోలీసులు పురుడు పోసిన మంత్రసాని రిబ్కాని పట్టుకున్నారు. వెంకటరత్నమ్మగారు మాత్రం, "నా కూతుళ్ళిద్దర్నీ భూమ్మీద వేసింది రిబ్కాయే. అది చెయ్యదు. చేసిందెవరో పట్టుకో నాయనా. ఈ ఒక్కణ్ణి నాకు దక్కించు," అని నన్ను పిలిపించింది.

నా పేరు రాజారత్నం. పోలీసు ఉద్యోగం చేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, తెనాలిలో ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు తగిలించుకున్నాను. దొంగ సంతకం చూపిస్తే చటుక్కున చెబుతాను. నెత్తుటి గురించి మాత్రం నాకు తెలిసిందల్లా, అది చొక్కాకంటితే ఓ పట్టాన పోదని.

"ఇప్పుడేం కనిపిస్తోంది?"

"గుండ్రంగా లేత రంగు బిళ్ళలు. బోలెడు."

"అవి ఎర్రకణాలు. వాటి అంచుల్లో చూడండి."

చూశాను. దాదాపు ప్రతి బిళ్ళ అంచునా ఒక ఊదారంగు చుక్క. కొన్నింటికి రెండేసి, మూడేసి.

"పెన్ను విదిలించినట్టు చుక్కలున్నాయి. రంగు ఎక్కువ పోశారేమో."

"నేనూ అదే అనుకున్నానండి. అందుకే నా నెత్తురు కూడా అదే రంగుతో చూశాను. ఒక్క చుక్క లేదు." ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయినట్టు లేదు. "కణం లోపలి ఎర్రని సరుకు చెడిపోయి ముద్దకట్టింది. ఆ ముద్దలే ఈ చుక్కలు. ఇలాంటి కణం ఎక్కువసేపు నిలవదు, పగిలిపోతుంది. పిల్లాడి నెత్తురు వాడి ఒంట్లోనే పగిలిపోతోందండి. ఆ పచ్చదనం అదే. నల్లటి మూత్రం అదే."

"అంటే మందు పెట్టారన్నమాట నిజమేనా?"

"అదే తేలాలి. పెద్ద మోతాదు విషం పడితే ఎవరికైనా ఇలా కావచ్చు. కానీ కొందరు మగపిల్లలకి పుట్టుకతోనే ఈ కణాల్లో కాపుదల పదార్థం ఒకటి తక్కువగా ఉంటుంది. మీకూ నాకూ ఏమీ చెయ్యని వస్తువు వాళ్ళకి ప్రాణం మీదికొస్తుంది. అది తల్లి వైపు నుంచి వస్తుంది. తల్లికి ఏమీ తెలియదు, కూతుళ్ళు సాధారణంగా తప్పించుకుంటారు, కొడుకులు దొరికిపోతారు."

రేపల్లెలో ఆ ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే.

గది మూలన గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో మూడు గాజుగొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో పిల్లాడి నెత్తురు, రెండోదాంట్లో చంద్రకళది, మూడోదాంట్లో పొద్దున్న వచ్చీ రాగానే నా దగ్గర గుచ్చి తీసినది. మూడూ చింతపండు పులుసు రంగులో ఉన్నాయి.

"వాటిలో వేసిన మందు నెత్తుటిని గోధుమరంగుకి తిప్పుతుంది. కాపుదల పదార్థం సరిగ్గా ఉన్న నెత్తురు మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఎర్రబడుతుంది. లేనిది అలాగే ఉండిపోతుంది. మద్రాసులో ఎవరో చేస్తుంటే ఒకసారి చూశానండి, అంతే. సొంతంగా చెయ్యడం ఇదే మొదలు. పొద్దున్నుంచి రెండుసార్లు చెడగొట్టాను. ఒకసారి నీళ్ళు వేడెక్కిపోయాయి, ఒకసారి కొలత తప్పాను." తొట్టిలో వేలు ముంచి నీళ్ళ వేడి చూసింది. "ఇదీ చెడితే మళ్ళీ పిల్లాడి నెత్తురు కావాలి. వాడి దగ్గర తియ్యడానికి ఏముందండి? ఇది తీశాక, నిన్న ఎవరో ఇస్తే ఎక్కించిన దాంతోనే ఊపిరి పీలుస్తున్నాడు."

ధైర్యం చెప్పేవాడికి ముందు తన దగ్గర కాస్త ఉండాలి.

"ఒక మంచి గుర్తు ఉందండి," అంది ఆవిడే. "ఆసుపత్రిలో చేర్చిన మర్నాటి నుంచి నెత్తురు పగలడం నెమ్మదించింది. అంటే ఆ వస్తువేదో ఇంట్లో ఉంది, ఆసుపత్రిలో లేదు. కొన్ని మలేరియా బిళ్ళలు, సల్ఫా బిళ్ళలు, పురుగుల్ని చంపే సరుకులు కొన్ని, ఏవైనా కావచ్చు. నోట్లో వెయ్యక్కర్లేదు. ఒంటికి తగిలినా, వాసన పీల్చినా చాలు. నాకు తెలిసింది నెత్తురండి, ఇల్లు మీరు చూడాలి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అది ఇంకొక్కసారి వాడికి తగిలిందంటే నేను గానీ, ఏ డాక్టరు గానీ చేసేదేమీ ఉండదు."

టాక్సీ మాట్లాడుకుని రేపల్లె బయలుదేరాను. భట్టిప్రోలు దాటాక వెంకటరత్నమ్మగారి పెద్దల్లుడి కారు ఎదురొచ్చింది. డాక్టర్ ప్రకాశరావు బాపట్లలో సొంతంగా నర్సింగ్‌హోం నడుపుతాడు. పిల్లాడికి జబ్బు చేసినప్పటి నుంచీ ఆ ఇంటికి ఆయనే పెద్దదిక్కు. చంద్రకళ భర్తకి అస్సాంలో మిలిటరీ ఉద్యోగం, సెలవు దొరకలేదు. ప్రకాశరావు చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను.

రేపల్లెలో ముందు గొడ్లచావిడి చూశాను. పురుగులమందు అనగానే నా బుర్ర చేలవైపే పోయింది. ఎండ్రిన్ డబ్బా ఒకటి దొరికింది గానీ, మూతకి సాలెగూడు పట్టి ఉంది. ఏడాదిగా దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. మలేరియా బిళ్ళలు ఇంట్లో లేవు. సల్ఫా పేరే ఎవరూ వినలేదు. వంటింటి డబ్బాలు, అటక, నీళ్ళగది, బావిగట్టు, అన్నీ గాలించి చెమటలు కక్కుతూ పురిటిగదిలోకి వెళ్ళాను. నులకమంచం, సాంబ్రాణి వేసే కుంపటి, నువ్వులనూనె గిన్నె, దండెం మీద పాత చీర ముక్కలు. ఏ ఇంట్లో పురిటిగది చూసినా ఇవే. ఇందులో విషం ఏది?

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టరు పాండురంగారావు దిగాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య రిబ్కా. ఒకప్పుడు మేమిద్దరం ఒకే స్టేషన్లో పనిచేశాం. ఆయన పైకెళ్ళాడు, నేను బయటికెళ్ళాను.

"ఏమయ్యా రాజారత్నం! మంత్రసానిది మీ చర్చీ అని పరిగెత్తుకొచ్చావా?"

"పిల్లాడిది ఏ చర్చీ కాదు సార్. వాడి కోసం వచ్చాను."

"వాడి సంగతి నేను చూసుకుంటున్నాలే. దీని సంచిలో ఆముదం సీసా దొరికింది. అందులో ఏదో పసరు కలిపింది. ముగ్గురు మగపిల్లలకీ పురుడు పోసింది ఇదే. ఇక్కడ పంచనామా ముగించి సాయంత్రం బాపట్ల కోర్టులో పెడుతున్నా. ఇంకేం కావాలి నీకు?"

"ఆడపిల్ల ఎందుకు బతికింది సార్?"

"ఆ పురుడు బాపట్లలో జరిగింది. ఇది పొయ్యలేదు. పోసుంటే అదీ పోయేది." మీసం దువ్వుకున్నాడు. "ఇంకో మాట చెబుతా విను. పిల్లాడు ఆసుపత్రికెళ్ళగానే తేరుకున్నాడు. ఎందుకు? దీని చేతులు దూరమయ్యాయి కాబట్టి! డాక్టరు ప్రకాశరావుగారంతటాయన చెప్పాడు నాకు, ఇది మంత్రసాని పసరు పనేనని. నువ్వు ఆయనకన్నా చదివావా?"

హైమావతి ఏ సంగతి చూసి ఆశపడిందో, అదే సంగతి ఈయన చేతిలో ఉరితాడైంది.

"సార్, నెత్తురు చూసిన డాక్టరు వేరే మాట అంటోంది. వీళ్ళ పిల్లల నెత్తుట్లోనే లోపం ఉంది. అందరికీ మామూలుగా ఉండే వస్తువే వీళ్ళని చంపుతోంది. పరీక్ష మధ్యాహ్నానికి తేలుతుంది."

"తేలకపోతే?"

"తేలకపోతే మీరు గెలిచినట్టే. అప్పటిదాకా రిబ్కాతో నన్ను నాలుగు మాటలు మాట్లాడనివ్వండి. మీ ఎదురుగానే."

ఏమనుకున్నాడో ఏమో, పాండురంగారావు అరుగు మీద కూర్చుని సిగరెట్టు వెలిగించాడు. కానివ్వు అన్నట్టు చెయ్యి తిప్పాడు.

రిబ్కా నన్ను చూసి ఏడవలేదు. ఏడుపు అయిపోయినట్టుంది. పెదాలు పగిలి ఉన్నాయి.

"అక్కా, బిడ్డ పుట్టిన దగ్గర్నుంచీ ఏమేం చేశావో చెప్పు. ఏదీ చిన్నదని వదిలెయ్యొద్దు."

"ఏముంది తమ్ముడూ, అందరికీ చేసేదే. బొడ్డు కోశా, కడిగా. నాలిక మీద ఆముదం బొట్టు వేశా. ఆ సీసాలో ఆముదమే మా కోడలి బిడ్డకీ వేశా, వాడు ఇంట్లో పాకుతున్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి ఒళ్ళంతా నూనె రాసి, నలిచి, నీళ్ళు పోసేదాన్ని. సాంబ్రాణి పొగ వేసేదాన్ని. మళ్ళీ కాస్త నూనె అద్ది, గాలి తగలకుండా చుట్టి తల్లి పక్కలో పడుకోబెట్టేదాన్ని."

"దేంతో చుట్టేదానివి?"

"పాత చీరతో. కొత్తబట్ట వెయ్యకూడదుగా. వీళ్ళింట్లో పెద్దమ్మగారి తల్లి చీరలున్నాయి. ఆవిడ తొంభై ఏళ్ళు బతికిందంట. ఆ ఆయుష్షు బిడ్డకి రావాలని, పుట్టిన ప్రతి బిడ్డనీ ముందు ఆ చీరలోనే చుడతారు. పెద్దమ్మగారే పెట్టె తీసి రోజుకోటి ఇచ్చేది."

"బాపట్లలో పుట్టిన ఆడపిల్లని కూడానా?"

"అది నాకు తెలవదు తమ్ముడూ. నేను పోలేదుగా."

"ఆ చీరలు ఎలా ఉండేవి?"

"మెత్తగా ఉండేయి. పెట్టె వాసన వేసేయి."

"ఏంటా వాసన?"

రిబ్కా నన్ను వింతగా చూసింది. "పెట్టె వాసన తమ్ముడూ. అందరి పెట్టెల్లో వచ్చేదే. కలరా ఉండల వాసన."

పాండురంగారావు పకపకా నవ్వాడు. "అయితే పెట్టెని అరెస్టు చెయ్యమంటావా?"

పురిటిగదిలోకి పరిగెత్తి దండెం మీది చీర ముక్క లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన కళ్ళ దాకా ఎక్కింది. ఇందాక ఇదే గదిలో నిలబడి ఇదే వాసన పీల్చాను. చిన్నప్పటి నుంచీ మా అమ్మ పెట్టె మూత తీసినప్పుడల్లా పీల్చిన వాసనే కాబట్టి అది వాసనలా తోచలేదు. కలరా ఉండలు దేనికి వేస్తాం? పురుగు పట్టకుండా! పురుగుల్ని చంపే సరుకు కోసం చావిడంతా తవ్విపోసిన నా తెలివిని తగలెయ్య.

వెంకటరత్నమ్మగారు పడమటింట్లో దేవుడి మూల కూర్చుని ఉంది. రెండు రోజులుగా నోట్లో మెతుకు పెట్టలేదని పనిమనిషి చెప్పింది. పెట్టె చూపించమంటే లేచి తాళం తీసింది. పాండురంగారావు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

అడుగున, కాగితం పరుపు మీద, ఎప్పటివో కలరా ఉండలు అరిగి అరిగి మిరియాలంత మిగిలాయి. పైనున్న నేతచీరల్లో మాత్రం ప్రతి మడతలోనూ తెల్లగా, గోళీకాయలంత ఉండలు. వాటిని పెట్టి నెల కూడా అయినట్టు లేదు. రెండు ఉండలు అరచేతిలో వేసుకుని ఆవిడకి చూపించాను.

"అమ్మా, ఇన్ని ఎందుకు వేశారు? ఎప్పుడూ ఇంతేనా?"

"లేదు నాయనా. వానాకాలం ముందు నాలుగు పడేసేదాన్ని, అంతే. పెద్దమ్మాయి పురిటికీ అంతే వేశా. చంద్ర మొదటి పురుడప్పుడు పెద్దల్లుడుగారు ఇంత పొట్లం తెచ్చి ఇచ్చారు. 'పాత చీరల్లో పురుగులుంటాయి అత్తయ్యగారూ, బిడ్డకి చెడుపు చేస్తాయి. మడతకో ఉండ పెట్టండి. ఎండలో వెయ్యొద్దు, తీసిన చీర తీసినట్టు చుట్టండి,' అన్నారు. డాక్టరు కదా అని అలాగే చేశా. ఈసారీ ఆయనే తెచ్చిచ్చారు. ఏం నాయనా? తప్పా?"

తప్పా అని ఆ ముసలి తల్లి అడుగుతోంది. చెప్పక తప్పదు. చెబితే ఈవిడ నిలుస్తుందో లేదో తెలియదు.

"పెద్దమ్మాయిగారికి ఆడపిల్ల పుట్టినప్పుడు కూడా ఈ చీరలే పంపారా?"

"పంపకుండా ఎలా ఉంటాను? రెండు చీరలు పట్టుకుని నేనే బాపట్ల వెళ్ళాను. పెద్దల్లుడుగారు గుమ్మంలోనే చూసి మండిపడ్డారు. పెట్టెలోంచి తీసిన బట్ట తన బిడ్డ ఒంటికి తగలడానికి వీల్లేదన్నారు. ఉడకబెట్టిన కొత్తబట్టలే వాడాలన్నారు. పురుడు రాకముందే నన్నూ ఆ చీరల్నీ రైలెక్కించి పంపేశారు. మా అమ్మ చీరని అంత మాటన్నందుకు ఏడుపొచ్చింది నాకు. చదువుకున్నవాళ్ళు, ఏదో పట్టింపు అనుకున్నా."

"పురుడు రాకముందేనా? ఆడో మగో అప్పటికి తెలియదు కదా!"

"ఎలా తెలుస్తుంది నాయనా?"

గుమ్మంలో పాండురంగారావు సిగరెట్టు కింద పడేసి తొక్కాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. మూర్ఖుడే గానీ పోలీసువాడు. తన బిడ్డకి తగలకూడదన్న బట్టని, మరదలి బిడ్డలకు మడతకో ఉండ పెట్టి మరీ చుట్టమన్న మనిషి మతలబు ఏమిటో ఆయనకి నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

మొదటి పిల్లాడిని ఎవరూ చంపలేదు. అది ఏమీ తెలియక జరిగిన ఘోరం. పోయింది ప్రకాశరావు సొంత కొడుకు. డాక్టరు కాబట్టి కొడుకు ఎందుకు పోయాడో వెతికాడు, చదివాడు, నేర్చుకున్నాడు. ఈ పొద్దున్న నేను నేర్చుకున్నదంతా ఆయన నాకంటే ముందే నేర్చుకున్నాడు. నేర్చుకుని ఈ ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. తన రెండో బిడ్డని కాపాడుకున్నాడు. తర్వాత మరదలి బిడ్డలకు తనకు తెలిసినదాన్ని పొట్లం కట్టి తెచ్చిచ్చాడు.

"అమ్మా, చంద్రకళగారి కొడుకు బతికితే ఈ ఇల్లూ పొలమూ ఎవరికి?"

"వాడికే. మగపిల్లాడు దక్కితే వాడికని మావారు పోయేముందు పెద్దమనుషుల్లో చెప్పారు. లేకపోతే పెద్దమనవరాలికి." ఆవిడ చూపు నా అరచేతిలోని ఉండల మీద పడింది. అక్కడే నిలిచిపోయింది. "నాయనా... ఇవా? ఈ ఉండలా నా మనవల్ని..."

"మీకు తెలియదమ్మా."

"నా చేత్తో తీసిచ్చా. రోజుకో చీర నా చేత్తోనే తీసిచ్చా." నా అరచేతిని దూరంగా నెట్టేసింది. "ఇందాక కూడా ఇచ్చానే!"

"ఇందాకా? ఎవరికిచ్చారు?"

"పెద్దల్లుడుగారికి. పొద్దున వచ్చి, ఆసుపత్రి దుప్పట్లు గరుకుగా ఉన్నాయి, బిడ్డ నలిగిపోతున్నాడు, రెండు చీరలివ్వండి అన్నారు. ఉండలతో సహా మడతపెట్టి ఇచ్చా."

భట్టిప్రోలు దగ్గర నాకు చెయ్యి ఊపింది ఆ చీరలు కార్లో పెట్టుకునే.

పక్కనే ఉన్న రైసుమిల్లులో ఫోనుంది. నేను, నా వెనక పాండురంగారావు, ఆ వెనక చెప్పులు కూడా లేకుండా వెంకటరత్నమ్మగారు, ముగ్గురం పరిగెత్తాం. తెనాలికి ట్రంకుకాల్ అనగానే ఎక్స్ఛేంజి అమ్మాయి లైన్లు ఖాళీ లేవంది. పాండురంగారావు రిసీవరు లాక్కుని తన హోదా చెప్పి గట్టిగా అరిచాడు. కాసేపటికి గరగరమంటూ లైను కలిసింది. రిసీవరు నా చేతిలో పెట్టి, చెవి దానికే ఆనించాడు.

"డాక్టరుగారూ, రాజారత్నాన్ని. కలరా ఉండలు! వాటితో పెట్టిన పాత చీరల్లో చుడుతున్నారు."

"నాఫ్తలీన్!" అటునుంచి హైమావతి కేక. "అవునండి, అదే! నూనె రాసిన ఒంటికి ఇంకా తొందరగా ఎక్కుతుంది. రాజారత్నంగారూ, పరీక్ష కుదిరిందండి! మీ గొట్టం ఎర్రబడింది. చంద్రకళది సగం సగంగా ఉంది. పిల్లాడిది గోధుమరంగులోనే ఆగిపోయింది. మంత్రసాని తప్పేం లేదు. ఆవిణ్ణి వదిలెయ్యమని నేను కాగితం రాసిస్తాను."

ఆవిడ గొంతులో పొద్దున లేని ప్రాణం వచ్చింది. ఆ సంతోషం వింటుంటే నాకు భయం రెట్టింపైంది.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"చెప్పాల్సిన పనే లేకపోయిందండి. వాళ్ళ పెద్దల్లుడు ప్రకాశరావుగారు ఇందాక లాబొరేటరీకి వచ్చారు. గొట్టాలు చూసి, నేను నోరు తెరవకముందే, 'పిల్లాడిది ఈ గోధుమరంగుది కదూ' అన్నారు. ఈ చుట్టుపక్కల ఈ పరీక్ష తెలిసినవాళ్ళు ఒకరున్నారని నాకెంత సంతోషం వేసిందో! తన నర్సింగ్‌హోంలో ఉంచుకుని తనే చూసుకుంటానన్నారు. ఇద్దరం కలిసే ఆసుపత్రికి వెళ్ళాం. తల్లినీ పిల్లాణ్ణీ కార్లో ఎక్కించి పంపి, ఇప్పుడే వచ్చి కూర్చున్నాను."

"ఎటు?"

"బాపట్ల అండి. పొన్నూరు రోడ్డు మీదుగా."

పాండురంగారావు చెవి తీసేసి జీపు దగ్గరికి పరిగెత్తాడు. ఇక్కణ్ణుంచి పొన్నూరు వాళ్ళకంటే మాకే దూరం. వాళ్ళు అప్పుడే బయలుదేరారు. ఎంత తోలినా అందుకోలేమని మా ఇద్దరికీ తెలుసు. దారిలో కారుని ఆపించడానికి పొన్నూరు స్టేషనుకి ఇంకో ట్రంకుకాల్ ఎప్పటికి కలుస్తుందో దేవుడికే ఎరుక.

"డాక్టరుగారూ, పిల్లాడి ఒంటి మీద ఏముంది?"

అటునుంచి మాట లేదు.

"హైమావతిగారూ! పిల్లాణ్ణి దేంట్లో చుట్టారు?"

"అమ్మమ్మగారు పంపిన చీరన్నారండి." ఆవిడ మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. "చలిగాలి తగలకూడదని కారు అద్దాలన్నీ ఎత్తించారు. పిల్లాణ్ణి నా చేతికిచ్చి, 'మీరే బాగా చుట్టండి డాక్టరుగారూ, ఆడవాళ్ళ చెయ్యి' అన్నారు. వాసన వచ్చింది. నాకూ వచ్చిందండి. పెట్టె వాసనే కదా అనుకున్నాను. తల మీంచి పాదాల దాకా, రెండు మడతలు వేసి... నేనే చుట్టానండి."